న్యూ మీడియాకు సార్ అడిగిన నిర్వచనం

ఆఫీసులో ఎవరైనా వైట్‌బోర్డు మార్కర్ మూత తీస్తే చాలు, ఆ ఘాటుకు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం పైఅంతస్తులో నడిచిన జర్నలిజం క్లాసు గుర్తొస్తుంది. యాదగిరి సార్ బోర్డు మీద ‘న్యూ మీడియా అంటే ఏమిటి?’ అని రాసి, మేం చెప్పిన జవాబులన్నీ దాని కింద రాసి, ఒక్కొక్కటే తుడిచేసేవారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. వనస్థలిపురం నుంచి బస్సు దొరికితే బస్సులో, లేకపోతే నడిచి వెళ్ళేదాన్ని.

“ఇంటర్నెట్‌లో వచ్చేదండీ,” అన్నాను ఠక్కున.

“మరి ఫోన్ల మెసేజొస్తే? దానికి నెట్టు లేదు గద. పేపర్ల ఉన్నదే నెట్ల పెడితే కొత్తదెట్లయితది?” అన్నారు సార్. నన్ను ఓడించాలని కాదు, ఆయనకూ నిజంగానే తెలియదు. తెలియదని అంత సంతోషంగా ఒప్పుకునే మాస్టార్ని నేనెప్పుడూ చూడలేదు. పుస్తకం చూసి చెప్పెయ్యొచ్చుగా అని లోలోపల విసుక్కునేదాన్ని కూడా.

ఒక బంద్ రోజు ‘కాల్పులు, విద్యార్థికి గాయాలు’ అని నాకు మెసేజ్ వచ్చింది. వార్తన్నాక ఎక్కడ జరిగిందో ఉండాలని సారే నేర్పారు. ఆ రోజు ఊరేగింపు ఎల్బీనగర్ చౌరస్తాలోనని విన్నాను కాబట్టి, ఆ చోటు పేరు చేర్చి క్లాసందరికీ పంపాను. వార్తను చక్కదిద్దానని మురిసిపోయాను.

మీర్‌పేట్‌లో ఉండే మా క్లాసు స్వప్న దాన్ని వాళ్ళమ్మకు చదివి వినిపించింది. స్వప్న తమ్ముడు ఆ ఊరేగింపులోనే ఉన్నాడు. ఆటోలు లేవు. ఆ తల్లి చెప్పులైనా వేసుకోకుండా చౌరస్తా దాకా పరుగెత్తింది. అక్కడ కాల్పులూ లేవు, గాయాలూ లేవు. కొడుకు క్షేమంగా ఎదురొచ్చాడు.

మర్నాడు క్లాసులో విషయం తెలిసి సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, “నీకెవరు పంపిండ్రు? ఆయనకెవరు?” అంటూ నా చేత వరసగా అందరికీ ఫోన్ చేయించారు. నాలుగో మనిషి దగ్గర తేలింది. ఆయన విన్నది ఏదో పేలిన చప్పుడు, అంతే. తర్వాతి ఆయన కాల్పులన్నాడు, మరొకరు గాయాలన్నారు, నేను చోటు చేర్చాను. ఎవరూ అబద్ధమాడాలనుకోలేదు.

“అగో, దొరికింది జూడు!” అన్నారు సార్, కళ్ళు మెరుస్తుండగా. “పేపర్ల రాసెటోడు వేరు, చదివెటోడు వేరు. గీ దాంట్ల చదివినోడల్ల జరంత రాసి పంపుతడు.” ఆ మాటే బోర్డు మీద రాశారు. కాసేపు చూసి, “మరి తప్పయితే ఎవలది?” అని తనే అడిగి, దాన్నీ తుడిచేశారు.

సాయంత్రం మీర్‌పేట్ వెళ్ళి స్వప్న తల్లికి క్షమాపణ చెప్పాను. ఆమె బొబ్బలెక్కిన అరికాళ్ళకు పసుపు రాసుకుని కూర్చుని ఉంది.

“మెసేజ్‌లు మస్తొస్తయి బిడ్డా, గవన్నీ నేను నమ్మ. నువ్వు గా వార్తల సదువే సదువుతున్నవని నమ్మిన,” అంది.

ఇప్పుడు నేను ఒక వార్తల వెబ్‌సైటులో పనిచేస్తున్నాను. న్యూ మీడియాకు నిర్వచనం ఇప్పటికీ నా దగ్గర లేదు. సంఘటన ఎక్కడ జరిగిందో తెలియకపోతే, ‘ఎక్కడన్నది ఇంకా తెలియదు’ అని రాస్తాను. పక్క సైటు వాళ్ళు అప్పటికే ఏదో ఒక చోటు పేరు పెట్టేసి ఉంటారు. మా బాస్ విసుక్కుంటాడు. విసుక్కోనీ, ఆ ఖాళీని నేను నింపను.