నీటి కింది తలుపు

కొత్త హల్ఫాలో షాజలీ ఎదురైతే ముందు అతని గోళ్లు కనిపిస్తాయి. వాటి కింద ఎప్పుడూ సున్నం, నీలిరంగు. ఆనకట్ట నీళ్లలో మునిగిన పాత ఊరి ఇళ్లు తప్ప ఇంకేమీ గీయడు. అతను పుట్టింది మాత్రం ఆ ఊరు మునిగాకే. పొద్దున్నే ముసలమ్మల మధ్య చేరి, టీ చల్లారేదాకా అడుగుతూనే ఉంటాడు. తలుపు పైన ఎండబెట్టిన మొసలి వేలాడేదా? గోడలో పొదిగిన పింగాణీ పళ్లేనికి అంచు ఏ రంగు? "అప్పటికి మీ అమ్మ కడుపులోనైనా పడలేదు, మా ఇళ్ల సంగతి నీకెందుకురా?" అని వాళ్లు ఎగతాళి చేస్తే నవ్వేస్తాడు. కానీ ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోతుంది. తను గీసేది ఇల్లేనా, ఉత్త బొమ్మా?

పాత ఊరి పేరెత్తితే లేచి వెళ్లిపోయే హమీదమ్మ నిన్న తనంతట తానే వచ్చింది. ఇరుగుపొరుగు చెప్పినదాన్నిబట్టి అప్పటికే ఆమె ఇంటిని గోడంత కాన్వాసు మీద గీసి ఉంచాడు షాజలీ. ఆమె చూస్తూ నిలబడిపోయింది. అతని చేతిలో కుంచె ఆరిపోయింది.

"తలుపు బార్లా తీసి పెట్టావేంరా? ఊరొదిలిన రోజు నేను ఇల్లంతా ఊడ్చి, తాళం వేసి మరీ రైలెక్కాను."

"ఇప్పుడే మూసేస్తాను పెద్దమ్మా."

"ఉండరా, నీ తొందర తగలెయ్య!"

ఆమె వంగి చెప్పులు విప్పింది. బొమ్మలోని గడప ముందు వాటిని జతగా పెట్టి, తలుపు లోపలి చీకట్లోకి మెడ చాచింది.

"అమ్మా, నేనే."

షాజలీ కుంచె కింద పెట్టి, తన చెప్పులూ విప్పాడు.