పది నిమిషాల కాపలా

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పెద్దమందడి మండలంలో ఇల్లిల్లూ తిరిగి వృద్ధుల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఒక ఉదయం ఓ రైతు ఇంటికి వెళ్లేసరికి, మతిమరుపు వచ్చిన ముసలమ్మను చీరతో మంచం కోడుకు కట్టేసి ఉంచారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లో చేరిన వాళ్లంతా వినేలా కోడలు జయమ్మను చెడామడా తిట్టి, కట్టు విప్పేశాను. పోలీసులకు చెబుతానని కూడా అన్నాను.

"సరే మేడం. నేను తానం చేసి రెండు దినాలయింది. జర సేపు మీరు చూస్తరా?" అని జయమ్మ బట్టలు తీసుకుని వెళ్లింది.

ముసలమ్మ పక్కనే కూర్చుని ఫారం నింపసాగాను. తలెత్తేసరికి మంచం ఖాళీ. నా కేకలకు జయమ్మ తడి జుట్టుతోనే వచ్చి, నేరుగా ఇంటి వెనక బావివైపు ఉరికింది. ముసలమ్మ గట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. జయమ్మ మెల్లగా వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఏంది అత్తా, గిట్లొచ్చినవ్?"

"నీళ్లు చేదొద్దా? పొద్దెక్కుతుంది" అందామె.

నేను పరుగున వెళ్లి రెండో చెయ్యి పట్టుకున్నాను; ఇద్దరం కలిసి ఆమెను గట్టు దించాం. "పరేషాన్ గాకుండ్రి మేడం. నాకు దినాం గిట్లనే అయితది" అని జయమ్మే నాకు ధైర్యం చెప్పింది.

నా తిట్లు విన్నవాళ్ల ముందే ఆమెను క్షమించమని అడిగాను. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు రోజూ చెరో గంట ముసలమ్మ దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, ముసలివాళ్లను చూసుకునే మనిషినే ముందు పలకరిస్తాను. "మీరెట్లున్నరు?" అంటే చాలామంది ముసలివాళ్ల సంగతే చెప్పడం మొదలుపెడతారు.