పేడ పూసిన నీళ్ల స్కూటరు

మొన్న ఆదివారం మా అమ్మాయి వెంట పోతే, సూర్యాపేట చెరువు కట్ట మీద నీళ్ల బండ్లు తిప్పే కుర్రవాడొకడు నన్ను ఆపాడు. నీళ్ల మీద నడిచే స్కూటరెక్కడానికి టిక్కెట్టు కొనుక్కొని, చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి వరుసలో నిలబడ్డదాన్ని, వెనకనున్న పడుచుపిల్లలంతా వినేటట్టు "అమ్మమ్మా, నీకెందుకు గిది? పడితే మా పానం మీదికొస్తది. ఆ బాతు పడవల కూసో, మంచిగుంటది" అన్నాడు. డెబ్బై దాటినదాన్ని, మోకాళ్లు పట్టేసినదాన్ని, ఒప్పుకుంటాను. కానీ బాతు పడవలో కూర్చోబెట్టేంత మెత్తటి మనిషిని మాత్రం కాను. నువ్వు పుట్టకముందే నేను నీళ్ల స్కూటరు నడిపాను నాయనా, నడపడమే కాదు, దాని పొట్ట విప్పి పేగులు కూడా సర్దాను అని చెబితే నవ్వుతాడని చెప్పలేదు. మీకు చెబుతాను. మీరు నవ్వినా ఫరవాలేదు, ఈ విషయంలో నవ్వులపాలు కావడం నాకు కొత్త కాదు.

మాకు కోదాడలో పంపుసెట్ల రిపేరు దుకాణం ఉండేది. నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, వరి నాట్ల కాలం వచ్చిందంటే ఎడ్లబండ్ల మీదా ట్రాక్టర్ల మీదా డీజిలింజన్లు వరసగా దిగేవి, దుకాణం ముందంతా కాలిన ఆయిలు వాసన, గ్రీసు మరకలు, బీడీ పొగ, తన ఇంజనే ముందు చూడాలని రైతుల తగువులాట. మా ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని కాసేపు విని, రోగం చెప్పేవాడు. నేను మధ్యాహ్నం అన్నం కారియరు పట్టుకుపోయి, ఆయన తినేదాకా పక్కన కూర్చొని సామాన్లు అందిస్తూ, అందిస్తూ, ఏ పానా ఏ బోల్టుకు పడుతుందో నేర్చుకున్నాను. ఆయన నేర్పాలని నేర్పలేదు, నేను నేర్చుకోవాలని నేర్చుకోలేదు, ఊరగాయ పక్కన పెట్టిన గిన్నెకు వాసన అంటినట్టు అంటింది.

తొంభైల మొదట్లో ఒకరోజు మా ఆయన సూర్యాపేట పాత సామాన్ల కొట్టు నుంచి లారీ మీద ఒక వింత వస్తువు తెచ్చి దించాడు. సాగర్ దగ్గర సినిమా తీయడానికి వచ్చినవాళ్లు పాడైపోయిందని వదిలేసి పోయారట, చేతులు మారి మారి తుక్కులోకి వచ్చింది. ముందు హ్యాండిలు, మధ్యలో సీటు, కింద పడవ. తుక్కు ధరకు వచ్చినదాన్ని బాగుచేసి నడిపిస్తానని ఆయన పంతం. కోదాడలో సముద్రం ఎక్కడుందని అడగనివాడు లేడు. కొన్నాళ్లకు దాని సీటు కింద పక్కింటి కోడి గుడ్లు పెట్టి పొదిగింది కూడా.

ఆ ఏడే ఆయన కుడిచెయ్యి ఇంజను బెల్టులో పడింది. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఖమ్మం దవాఖానా నుంచి ఇంటికొచ్చిన మనిషి దుకాణానికి పోవడం మానేశాడు. ఎవరైనా పలకరించడానికొస్తే ఆ చెయ్యి తువ్వాలు కింద దాచుకొని కూర్చునేవాడు. అన్నం కూడా గోడవైపు తిరిగి ఎడమచేత్తో తినేవాడు. వేళ్లు పోయినందుకు నేను ఏడవలేదు గానీ, ఆ తువ్వాలు చూసి చాలాసార్లు ఏడ్చాను.

అప్పుడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంటికొచ్చారు. ఆయన చెడ్డవాడని నేననను, తండ్రి పోతే తమ్ముణ్ని పెంచి పెద్దచేసినవాడు. దుకాణం ఉన్న జాగా ఉమ్మడిది, దాంట్లో ఎరువుల కొట్టు పెడతానన్నారు. మరి మా ఇంటిది నడిపిస్తున్నది కదా అని మా ఆయన గొణిగాడు, ఎందుకంటే అప్పటికి కొన్ని నెలలుగా చిన్నాచితకా రిపేర్లు నేనే చేస్తున్నాను. బావగారు నవ్వారు. "ఆడమనిషి చేతిల పానా సూస్తే ఏ రైతన్న ఇంజను దింపుతడా? నీకూ నీ ఇల్లాలికీ తిండికి తక్కువ చెయ్యను లేరా" అన్నారు. ఆ రోజుల్లో బావగారి ఎదుట నిలబడి మాట్లాడటం లేదు మాకు, ఏది చెప్పినా తలుపు చాటునుంచే. పెళ్లయిన అన్నేళ్లకు మొదటిసారి గడప దాటి ముందుకొచ్చాను. కాలువకు నీళ్లొదిలేలోపల ఆ నీళ్ల స్కూటరు మన పెద్దచెరువు దాటి తిరిగి రాకపోతే తాళంచెవులు నేనే తెచ్చిస్తాను, వచ్చిందా, దుకాణం మాట ఇక ఎత్తొద్దు అన్నాను. బావగారు సరేనమ్మా అని లేచిపోయారు.

మా ఆయన గోడ పక్కన కూర్చొని చెబుతుంటే నేను విప్పాను. కార్బురేటరు నిండా పాత పెట్రోలు జిగురులా గట్టిపడి ఉంది, కిరసనాయిల్లో నానబెట్టి, కోడి ఈకతో సందులు శుభ్రం చేశాను. ప్లగ్గు మసిబట్టింది, మార్చాం. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి, చల్లబడటానికి నల్లా గొట్టం తగిలించి, దుకాణం ముందే స్టార్టు చేస్తే ఏడుపు లంకించుకున్న పసిపిల్లలాగా ఒక్కసారిగా అరిచింది. కోడి ఎగిరిపోయింది. మా ఆయన చాలా రోజులకు నవ్వాడు.

ఆ నవ్వు చెరువు దాకే. చెరువులో చేపలు పట్టే పెద్దాయన, ఈత వచ్చినవాడని బతిమాలితే ఎక్కాడు. ఇంజను చెరువు దద్దరిల్లేలా మోగింది, వెనక నీళ్లలో తెల్లగా బుడగలొచ్చాయి, బండి మాత్రం నీళ్లలో నిలబడ్డ గేదెలాగా కదల్లేదు. కట్టమీద జనం ఈలలు వేశారు. బలం చాలలేదన్నాడు మా ఆయన. సరేనని హెడ్డు కింద గాస్కెట్టు పల్చగా చేశాం, కార్బురేటరు జెట్టు రంధ్రం కాస్త పెద్దది చేశాం, సైలెన్సరులో పేరుకున్న మసి కాల్చి దులిపాం. రెండోసారి తీసుకుపోతే మోత రెట్టింపైంది, నడక మాత్రం లేదు. బలం పెంచేకొద్దీ ఇంకా మొండికేసింది. బావగారు కట్టమీద నిలబడి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడానికే నాకు ఎక్కువ మండింది.

ఆ వారమే మా అమ్మకు జ్వరమంటే మా పుట్టిల్లు త్రిపురారం వెళ్లాను. పొద్దున్నే పొలం వైపు నుంచి మా నాయన ఇంజను శబ్దం వినిపిస్తోంది, మామూలుగా బరువుతో గునిసినట్టుండే శబ్దం ఆ రోజు తేలిగ్గా, తుళ్లుతూ వస్తోంది. మంచంలోంచే మా అమ్మ "నీళ్లెత్తుత లేదే, గాలి గుంజుతున్నది, జర పేడనీళ్లు పోసి రాపోవే" అంది. ఇప్పటివాళ్లకు చెబితే ముక్కు మూసుకుంటారు గానీ, పంపు నీళ్లందుకోకపోతే పేడ కలిపిన నీళ్లు దాని నోట్లో పోయడం మా వైపు అందరికీ తెలిసిన వైద్యం. పేడలోని పీచు సందు ఎక్కడుంటే అక్కడికి పోయి ఇరుక్కుంటుంది, గాలి ఆగుతుంది, పంపు నీళ్లు పడుతుంది. చిన్నప్పటి నుంచి చేసిన పనే కదా, బకెట్టు పట్టుకొని పోశాను, శబ్దం బరువెక్కింది, గొట్టంలోంచి నీళ్లు దూకాయి. నేను మాత్రం బకెట్టు పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. మేము ఇన్నాళ్లూ స్కూటరు అనుకొని ఇంజను వెంట పడ్డాం. అది స్కూటరే కాదు, పంపు. కింద నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ చిమ్ముడికి బండి ముందుకు పోతుంది. ఎక్కడో గాలి గుంజుతోంది, అందుకే ఇంజను ఊరికే తిరుగుతోంది.

మూడోనాడు కోదాడ చెరువు గట్టున బండిని పక్కకు దొర్లించి, పంపు పడవకు అతికే చోట వేలు పెట్టి చూస్తే రబ్బరు ఎండి పగిలి ఉంది. నా చేతికి అలవాటైన మందు ఒకటే కదా, పేడా బంకమట్టీ కలిపి ఆ సందులో దట్టించాను. అప్పుడు మాత్రం బావగారు నోరు విప్పారు. "అది బండి అనుకున్నవా, పిడకలు కొట్టే గోడ అనుకున్నవా?" కట్ట మొత్తం నవ్వింది, చేపల పెద్దాయన ముక్కు చిట్లించుకుంటూనే ఎక్కాడు. ఇంజను శబ్దం బరువెక్కింది. బండి ఎగిరి ముందుకు దూకింది, నాలుగు బారలు పోయి పేడ కరిగిపోగానే మళ్లీ ఆగిపోయింది. పెద్దాయన నీళ్లలో పడ్డాడు. జనానికి ఆయన పడటమే కనిపించింది. నాకు ఆ నాలుగు బారలు కనిపించాయి. మా ఆయనకూ కనిపించాయని ఆయన ముఖం చెప్పింది.

మిర్యాలగూడలో మా చిన్నమామ రైసుమిల్లులో ఫిట్టరు. లోపల కూడా సందుందేమో చూపిద్దామని బండి పంపును విప్పి సంచిలో పెట్టుకొని బస్సెక్కి పోయాను. లోపల తిరిగే రెక్కలకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య ఇసుక ఒరిసి గోరు దూరేంత సందు చేసింది. మామ ఊక దుమ్ము మధ్యన లేతు మిషను మీద ఇత్తడి కట్టు ఒకటి తిప్పి, రెక్కలకు ఒరుసుకోకుండా, ఎడం లేకుండా దిగగొట్టాడు, వంగిన రెక్కల అంచులు ఆకురాయితో సాపు చేశాడు. ఊళ్లోవాళ్ల నవ్వుల సంగతి చెబితే, "నవ్వేటోళ్ల పండ్లే కనవడ్తయి, నువ్వేం పరేషాన్ గాకు" అన్నాడు. పడవ అతుకుకు ఈసారి పేడ కాదు, ట్రాక్టరు ట్యూబు ముక్క కోసి, గట్టిగా బిగించాను.

మళ్లీ ఎక్కమంటే చేపల పెద్దాయన దండం పెట్టి తప్పుకున్నాడు. మా ఆయన ఎక్కలేడు, ఆ బండికి యాక్సిలరేటరు కుడి బొటనవేలితో నొక్కాలి. నాకు ఈత రాదు. నాట్లకు దిగేటప్పుడు కట్టినట్టు చీర గోచి పెట్టి కట్టి, గాలి కొట్టిన ట్యూబు నడుముకు తగిలించుకొని, కట్టమీద అంతమంది మగవాళ్లు చూస్తుండగా సీటు మీద కాలువేసి కూర్చున్నాను. సిగ్గుపడలేదని అబద్ధం చెప్పను, సిగ్గు కంటే కోపం ఎక్కువగా ఉంది, అది చాలింది.

నొక్కాను. ఇంజను గునిసింది, ఆ బరువు శబ్దం వినగానే నాకు తెలిసిపోయింది. గాలి ముఖాన కొట్టింది, కట్ట వెనక్కి పోయింది, కొంగలు లేచాయి, ఏమో అరిచాను, ఏం అరిచానో నాకే గుర్తు లేదు. అవతలి గట్టు తాకి తిరిగాను. తిరిగొస్తే పందెం అయిపోయినట్టే, కానీ నాకు తనివితీరలేదు, బావగారు నిలబడ్డ చోటికి దగ్గరగా వచ్చి, ఆయన పంచె తడిసేట్టు ఒక్క మలుపు తిప్పి, మళ్లీ చెరువు మధ్యకు పోయాను. అక్కడినుంచి తల తిప్పి చూస్తే కట్టమీద జనంలో మా ఆయన కనిపించాడు. తువ్వాలు కింద పడి ఉంది. ఆ రెండు వేళ్లు లేని కుడిచెయ్యి పైకెత్తి, ఊరంతా చూసేట్టు, నాకేసి ఊపుతున్నాడు.

బావగారు ఆ రోజు పంచె పిండుకుంటూ వెళ్లిపోయారు. కాలువకు నీళ్లొదిలాక మా దుకాణం ముందు దిగిన మొదటి ఇంజను ఆయనదే. తానే బండి తోలుకొచ్చి, తమ్ముడితో కాదు, నాతోనే, "గాలి గుంజుతున్నట్టున్నది, జర సూడమ్మా" అన్నారు. చూశాను. గాలి గుంజడం లేదు, ఏ రోగమూ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసని నాకూ తెలుసు, శుభ్రంగా తుడిచి పంపించాను.

ఆ తరవాత చాలా ఏళ్లు ఆ దుకాణం నడిపాను. రోడ్డు వెడల్పులో అది పోయింది, మా ఆయన పోయాడు, నీళ్ల స్కూటరు ఎప్పుడో తుక్కుగా పోయింది. ఇప్పుడు పంపులు బోరులో భూమి లోపల మునిగి ఉంటాయి, చెడిపోతే పైకి లాగి పారేసి కొత్తది దించుతారు, శబ్దం వినేవాడూ లేడు, పేడనీళ్లు పోసేవాడూ లేడు. ఆడపిల్లలు బండ్లు నడిపితే కట్టమీద జనం పోగవడం లేదు, అది మాత్రం నాకు సంతోషం. అంతమాత్రాన ముసలిదాన్ని బాతు పడవలోకి పొమ్మంటే ఊరుకుంటానా?

టిక్కెట్టు మీద వయసు రాసి ఉందేమో చూపించమన్నాను. కుర్రవాడు తల గోక్కొని, నాకు లావుపాటి జాకెట్టు తొడిగి, తాను ముందు కూర్చొని నన్ను వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఈ బండి మూత విప్పితే ఎలా ఉంటుందని అడిగితే, విప్పొద్దమ్మమ్మా, సీలుంటది, హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి రావాలె అన్నాడు. ఇంజను మాత్రం చక్కగా గునిసింది, ఎక్కడా గాలి గుంజడం లేదు. చెరువు మధ్యకు పోయాక అలవాటుగా తల తిప్పి కట్టవైపు చూశాను. మా అమ్మాయి, ఆమె పక్కన వాళ్లు, వాళ్ల పక్కన ఇంకెవరో, అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకొని ఫొటోలు తీస్తున్నారు. ఒక్కరి చెయ్యీ ఖాళీగా లేదు, ఒక్కరూ ఊపడం లేదు.

అయినా కుడిచెయ్యి పైకెత్తి నేను ఊపాను.