ధూపం వేసింది నేనే

కంప్యూటర్ ఆగిపోతోందని నాకు మొదట చెప్పింది ప్రియ. మేముండే ఈ పరాయి దేశపు ఊరు నేవన్‌లో, మా పైగదిలో అద్దెకుంటూ చదువుకునే అమ్మాయి. "ఆంటీ, స్క్రీన్ ఉన్నట్టుండి బ్లాక్ అయిపోతోంది" అంది. కోర్సు పని మా కంప్యూటర్‌లోనే చేసుకునేది.

"నువ్వు రాకముందు బాగానే ఉండేదమ్మా. ఏ గేములు ఎక్కించావో" అన్నాను.

మావారిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. మూడోసారి ఆయన మీటింగ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోయేసరికి, వేరే రూమ్ చూసుకోమని ప్రియకు చెప్పేశాను. ఇక్కడ రూమ్ దొరకడం ఎంత కష్టమో తెలిసి కూడా.

ప్రియ వెళ్ళేలోపు దాన్ని బాగుచేయాలని చూసింది. స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామట, గ్రాఫిక్స్ డ్రైవర్, అది తీసేసి మళ్ళీ వేసింది. అయినా ఆగింది. శనివారం నా ముందే కంప్యూటర్ డబ్బా విప్పింది. లోపల తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను నల్లటి జిడ్డు పట్టి బిగుసుకుపోయింది. వేడికి కార్డు పాడైందట. గుప్పున సాంబ్రాణి వాసన వచ్చింది.

నేను బడి ముఖం చూడనిదాన్ని, ఇంట్లోనే చదువు నేర్చుకున్నాను. అన్నం పెట్టే యంత్రమని కృతజ్ఞతతో ప్రతి శుక్రవారం దానికి దగ్గరగా ధూపం వేసేదాన్ని. ఆగిపోవడం మొదలయ్యాక రోజూ వేశాను.

"ఏం దొరికిందమ్మా?" పక్కగదిలోంచి మావారు అడిగారు.

ప్రియ నా వైపు ఒకసారి చూసింది. "డస్ట్ అంకుల్. కార్డ్ మారిస్తే గ్రాండ్, బాగైపోతుంది."

నేను ధూపం గిన్నె తీసి వంటింట్లో దాచేశాను. సాయంత్రం ఉండిపొమ్మని అడిగితే, "పర్లేదు ఆంటీ, ఫ్రెండ్ వాళ్ళింట్లో చోటు దొరికింది" అని నవ్వింది. క్షమించమన్న మాట అప్పుడూ పైకి రాలేదు. మావారికి నిజం ఇది చదివాకే తెలుస్తుంది.

దీపం పెట్టుకునేటప్పుడు మీరు ప్రియ పేరు ఒక్కసారి తలచుకోండి, ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలని.