పొగడ్తల్లో దాచిన పగ

నేను ఒక అమ్మాయి చదువు ఆపాను. ఇన్నేళ్లుగా ఈ బరువు ఒక్కడినే మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. విని మీరూ నవ్వుతారేమోనన్న అనుమానం లేకపోలేదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. కమలాపురం దాపున ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కాలేజీలకు పంపే సిఫారసు ఉత్తరాలు ఇంగ్లీషులో ఉండాలి గనుక తక్కిన అయ్యవార్లు నా దగ్గరికి వచ్చేవారు. వాళ్లు తెలుగులో చెబితే నేను రాసేవాణ్ణి. చదవకుండానే సంతకం పెట్టేవారు. మంచివాడు, తెలివైనవాడు అంటే ఎవరూ నమ్మరని, ఆ పిల్లవాడు చేసిన ఒక్క పని చెప్పమని వాళ్లకు నేర్పింది నేనే. సీట్లు వచ్చేవి. ఒక్కరూ నా పేరెత్తలేదు. పైగా వెనక నన్నేదో అంటున్నారని నా అనుమానం.

ఒకరోజు తెలుగు పండితుడు మార్తమ్మ అనే పిల్లకు ఉత్తరం కోసం వచ్చాడు. చర్చి పక్కన ఉండే కూలివాళ్ల కూతురు. మద్రాసులో ఉచిత సీటు రాకపోతే ఆమె చదువు అంతటితో సరి.

“ఏం రాయమంటారు?” అన్నాను.

“నేనొక పద్యానికి అర్థం తప్పు చెప్పినానప్పా. ఆ పాప క్లాసులో నోరు మెదపల్యా. అందరూ పోయినాక వచ్చి, ‘అయ్యవారూ, ఇది ఇట్ల గాదేమో సూడండి’ అనింది. నా పరువు నిలబెట్టింది. అదే రాయి.”

“మీరు తప్పు చెప్పినారని రాసేదా? కాలేజీవాళ్లు ఏమనుకుంటారు మిమ్మల్ని?”

“ఏమన్నా అనుకోనీలేప్పా! చెప్పేది నేను. నువ్వు రాతకూలివి. రాయి, రాయి!”

అయ్యవార్ల గదిలో అందరూ నవ్వారు. ఆ మాట కొత్తగా విన్నవాళ్ల నవ్వు కాదది.

ఆయన పరువు కాపాడటానికి ఒక పిల్ల ఉంది. నా పరువు ఎవరికి కావాలి? ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉత్తరం రాశాను. వినయశీల, సూక్ష్మబుద్ధి, సద్గుణాల రాశి అని నాకు తెలిసిన పొగడ్తలన్నీ పేజీల నిండా నింపాను. పద్యం సంగతి ఒక్క ముక్క రాయలేదు. అలాంటి ఉత్తరాన్ని ఎవరూ చివరిదాకా చదవరని నాకు తెలుసు. పట్టుబడితే, పొగిడానే గాని తిట్టానా అని అడగవచ్చని కూడా తెలుసు. అంత ముందుచూపుతో చేసినదాన్ని కోపంలో చేశానని ఎలా చెప్పుకోను?

పండితుడు ఎప్పటిలాగే చదవకుండా, అన్ని పేజీలున్నాయని మురిసిపోయి సంతకం పెట్టాడు.

సీటు రాలేదు. మార్తమ్మ తల్లితోపాటు వేరుశనగ చేలకు కూలికి పోయింది. తన తప్పు ఒప్పుకోవడం వల్లే కాలేజీవాళ్లు ఆమెను కాదన్నారని పండితుడు నమ్మాడు. ‘నా నోరే ఆ పాపను ముంచింది’ అని నా ఎదుటే ఎన్నోసార్లు అన్నాడు. నేను విన్నాను. అలా అనుకుంటూనే ఆయన పోయాడు.

కులం చూసి కాదన్నారేమో, అసలు సీట్లే లేవేమో అని నాతో నేను చాలా వాదించుకున్నాను. కావచ్చు. ఆ నవ్వును ఈనాటికీ నేను క్షమించలేదు, అదీ దాచను. కాని ఆయన చెప్పింది నేను రాయలేదు. ఆయన నోటి వల్ల ఆ పిల్లకు ఏ చెడూ జరగలేదు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పవలసింది. మీకు చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.