కత్తిరించిన ముక్కలో కొల్లేరు

టాకీలు వచ్చిన కొత్తలో కొల్లేట్లో హీరో పడవ ప్రయాణం తీస్తున్నాం. పక్కనే ఒక ముసలి జాలరి, చేపలు బెదిరి వలలో పడాలని, గెడతో తన దోనెను దబదబా బాదుతున్నాడు. మా డైరెక్టరుకు నోరే మైకు; ఒక్క కేకేసి ఆపించాడు.

తీరా మద్రాసులో ఎడిటింగుకు కూర్చుంటే, ఆ నిశ్శబ్దంలో కొల్లేరు గోడమీది పటంలా చచ్చుగా ఉంది. విసుగొచ్చి, పారేసిన ఫిల్ము ముక్క వెతికి అందులోని ఆ దోనె చప్పుడు కలిపాను. నీళ్ళకు ప్రాణం వచ్చింది.

ముక్క చివర, డైరెక్టరు కేక వెనక, అక్కడ మాకెవరికీ వినపడని ముసలాయన గొంతు కూడా ఉంది.

“అలాగేనండీ. ముందు మీ పని కానివ్వండి. మా చేపలెక్కడికి పోతాయండీ.”

చప్పుడు సినిమాకిచ్చాను. ఆ మాటున్న ముక్కను మాత్రం కళ్ళకద్దుకుని దాచుకున్నాను.

ఆ పూట చేపలు పోయే ఉంటాయి.