అరవై ఓవర్ల ఫైనల్

మా నాన్న ఊరు విడిచి వలస వచ్చి, ఉధ్నాలో బట్టల మిల్లు పవర్‌లూమ్‌లు నడిపేవాడు. క్రికెట్ అంటే ప్రాణం. కానీ ఆ మోతలో పక్కవాడి మాటే వినపడదు, ఇక రేడియో ఏం వినపడుతుంది? అందుకే కామెంటరీ వినే పని పదేళ్ల నాకు అప్పగించాడు. ఏ వికెట్ ఏ ఓవర్లో పడిందో నోటుబుక్కులో రాసి, ఆయన ఇంటికి రాగానే చదివి వినిపించాలి. 1983 ప్రపంచకప్పు ఆయనకు నా చేతిరాతలోనే చేరింది.

పోయినేడు ఉధ్నా పక్కనే డిండోలిలో మా తెలుగువాళ్ల వినాయక మండపం దగ్గర క్రికెట్ క్విజ్ పెట్టారు. పేరు ఇద్దామని వెళ్తే, పేర్లు రాసుకుంటున్న మా ఆయన దోస్తు నవ్వాడు.

"వదినా, గిది మొగోళ్ళ పోటీ. ఆడోళ్ళకు ముగ్గులు పెట్టినం గద."

"ముగ్గులు నాకు రావు. క్రికెట్ వస్తది. రాయి."

"జర ఆలోచించు. అందరి ముంగట జవాబు రాకుంటే ఇజ్జత్ పోతది."

"పోతే నాదే పోతది. నువ్వు రాయి."

దోస్తు నా పేరు రాసుకున్నాడు. పక్కనే ఉన్న మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

పోటీ రోజు అందరూ మగవాళ్లే, మధ్యలో నేనొక్కదాన్ని. ప్రశ్నలు అడిగింది ఒక రిటైర్డ్ సారు. తప్పు చెప్పినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి ఇద్దరం మిగిలాం: నేనూ, మిల్లులో పనిచేసే ఒక నడివయసు మనిషీ.

"మనం మొదటిసారి కప్పు గెలిచిన ఫైనల్‌ల ఒక్కో జట్టుకు ఎన్ని ఓవర్లు?" అని నన్ను అడిగాడు సారు.

"అరవై."

ఆయన చేతిలోని కాగితం చూసుకున్నాడు. "తప్పమ్మా. యాభై."

జనంలో నవ్వులు. నేను కూర్చోలేదు.

"సార్, ఆ రోజు మనోళ్ళు యాభై అయిదో ఓవర్ల ఆలౌట్ అయిండ్రు. యాభై ఓవర్ల మ్యాచ్ అయితే యాభై అయిదో ఓవర్ యాడికెల్లి వచ్చింది?"

నవ్వులు ఆగిపోయాయి. "కాగితంల గిట్లనే ఉందమ్మా, ముందుకు పోదాం," అన్నాడు సారు.

"పోవద్దు సార్. ఫోన్‌ల చూడుండ్రి. నాది తప్పైతే నేనే లేచిపోతా."

ఫోన్ తీసింది నాతో పోటీపడుతున్న మనిషే. నాది తప్పైతే గెలుపు అతనిదే. అయినా చూసి గట్టిగా చెప్పాడు: "అరవయ్యే సార్. అక్క చెప్పిందే కరెక్ట్."

సారు కళ్లద్దాలు తీసి, "నాదే తప్పు తల్లీ," అన్నాడు.

ఆ తరువాతి ప్రశ్నకే ఓడిపోయాను. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ఓవర్‌కు ఎన్ని బంతులని అడిగితే, ఆలోచించకుండా ఆరన్నాను. ఎనిమిదట. ఆ మనిషికి తెలుసు. నా మీద నాకే కోపమొచ్చింది.

ఇంటికి వస్తుంటే మా ఆయన అడిగాడు. "గిన్ని తెలిసినదానివి, ఇన్నేండ్లల్ల ఎన్నడూ మాతోని మ్యాచ్ చూడలేదేంది?"

"చూస్తవా అని ఎన్నడన్న అడిగినవా? చాయ్ తెమ్మనే అంటివి."

తరువాతి మ్యాచ్‌కు ఆయనే టీ పెట్టి, సోఫాలో చోటు చూపించాడు.

ఇప్పుడు నేను రేడియో వినకముందు నాటి క్రికెట్ గురించి చదువుకుంటున్నాను. ఈ ఏడు పోటీకి ఇద్దరు పక్కింటి ఆడవాళ్ల పేర్లు కూడా రాయించాను. రోజూ ప్రశ్నలడిగి వాళ్లను తయారు చేసేది నేనే. ఒక్కటి తప్పినా వదిలిపెట్టడం లేదు.